పాట ఫ్రీ అయింది.. దెబ్బ ఎవరికి తగిలింది?

పదిహేను, ఇరవై ఏళ్ల కింద హైదరాబాద్‌లో ఏ బస్తీకి పోయినా ఒక చిన్న మొబైల్ షాపు, దాని అద్దం మీద 'పాటలు ఎక్కిస్తాం' అని రాసిన ఒక కాగితం కనిపించేవి. మెమరీ కార్డు చేతికిస్తే చాలు. షాపు కుర్రాడు కంప్యూటర్‌లో కొత్త తెలుగు, కొత్త హిందీ, గజల్స్, ఖవ్వాలీ, పెళ్లి బరాత్ పాటలు ఏది కావాలంటే ఆ ఫోల్డర్ తెరిచి గంపగుత్తగా ఎక్కించేవాడు. పదో ఇరవయ్యో తీసుకునేవాడు. ఆ డబ్బులో పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి, పాడినవారికి, ఆడియో కంపెనీకి ఒక్క పైసా కూడా పోయేది కాదు. కొనేవాళ్లకు అది దొంగ సరుకని అనిపించేదే కాదు. అసలు 'కొంటున్నాం' అనే ఆలోచన కూడా ఉండేది కాదు.

ఇదే పని అప్పటికే ప్రపంచమంతా నడుస్తోంది. దీని పేరు అక్రమ డౌన్‌లోడింగ్. హక్కుదారుల అనుమతి లేకుండా పాటను ఇంటర్నెట్ నుంచి దించుకోవడం, ఇతరులకు పంచడం దీని కిందికి వస్తుంది. దీనివల్ల మ్యూజిక్ పరిశ్రమ కుప్పకూలిందని కంపెనీలు అంటాయి. పాట పది మందికి చేరింది కదా, ఏం నష్టం అని వినేవాళ్లు అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. కాకపోతే నష్టం అందరికీ ఒకే తీరుగా జరగలేదు. తిరిగొచ్చిన డబ్బు కూడా అందరికీ ఒకే తీరుగా రాలేదు.

40 ఎంబీ నుంచి 4 ఎంబీకి

మొదట టెక్నాలజీ సంగతి. ఆడియో సీడీలో నాలుగు నిమిషాల పాట దాదాపు 40 ఎంబీ జాగా తీసుకుంటుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ ఇన్‌స్టిట్యూట్‌లో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన సహచరులు కలిసి ఒక పద్ధతి తయారు చేశారు. పెద్ద శబ్దం వచ్చినప్పుడు దాని చాటున ఉన్న చిన్న శబ్దాన్ని మనిషి చెవి పట్టుకోలేదు. పట్టుకోలేని వాటిని తీసేస్తే ఫైలు పదో వంతుకు తగ్గిపోతుంది, వినడానికి పెద్దగా తేడా తెలియదు. ఈ ఫైళ్లకే 1995లో ఎంపీ3 అనే పేరు ఖాయమైంది.

40 ఎంబీ కాస్తా 4 ఎంబీ అయ్యేసరికి కథ మారిపోయింది. అప్పటి టెలిఫోన్ లైను ఇంటర్నెట్ మీద కూడా ఒక పాటను పది, ఇరవై నిమిషాల్లో దించుకునే వీలు కలిగింది. 700 ఎంబీల ఒక్క సీడీలో నూటయాభై పాటలు పట్టాయి. అవే మన ఫుట్‌పాత్‌ల మీదికి ఎంపీ3 సీడీలుగా వచ్చాయి.

1999 జూన్‌లో అమెరికాలో షాన్ ఫానింగ్ అనే 18 ఏళ్ల కుర్రాడు, షాన్ పార్కర్‌తో కలిసి నాప్‌స్టర్‌ను మొదలుపెట్టాడు. ఎవరి కంప్యూటర్‌లో ఏ పాట ఉందో చెప్పే జాబితా మాత్రమే నాప్‌స్టర్ దగ్గర ఉండేది. పాటలు మాత్రం జనం కంప్యూటర్లలోనే ఉండి, ఒకరి నుంచి ఇంకొకరికి నేరుగా పోయేవి. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం కోర్టుకెక్కింది. 2000లో మెటాలికా బ్యాండ్ కూడా కేసు వేసింది. తమ పాట ఒకటి ఇంకా విడుదల కాకముందే నాప్‌స్టర్‌లో తిరుగుతోందన్నది వాళ్ల కోపం. తమ పాటలు పంచుకున్న మూడు లక్షల ముప్ఫై అయిదు వేల యూజర్ పేర్లను కట్టలు కట్టి నాప్‌స్టర్ ఆఫీసుకు అప్పజెప్పారు. అభిమానుల పేర్ల జాబితా తీసి ఫిర్యాదు చేయడం జనానికి నచ్చలేదు. ఆ బ్యాండ్‌కు చాలా కాలం చెడ్డపేరు మిగిలింది.

2001 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు నాప్‌స్టర్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది, జూలైలో అది మూతపడింది. కానీ ఏం లాభం? కజా, లైమ్‌వైర్, బిట్‌టొరెంట్ వచ్చాయి. నాప్‌స్టర్ కేసు నుంచి వాటి తయారీదారులు నేర్చుకున్న పాఠం ఒకటే: జాబితా మన దగ్గర పెట్టుకోవద్దు. ఆపడానికి ఒక కేంద్ర సర్వర్ లేకుండా పోయింది.

అప్పుడు కంపెనీలు వినేవాళ్ల మీద పడ్డాయి. 2003 సెప్టెంబర్‌లో ఒకే విడతలో 261 మందిపై కేసులు వేశాయి. అందులో న్యూయార్క్‌కు చెందిన 12 ఏళ్ల పాప కూడా ఉంది. చివరికి రెండు వేల డాలర్లు కట్టి రాజీ చేసుకోవాల్సి వచ్చింది. 2008 వరకు సాగిన ఈ వేటలో వేల కుటుంబాలు ఇరుక్కున్నాయి. ఇంకో కేసులో కేవలం 24 పాటలకు ఒక మహిళపై 2 లక్షల 22 వేల డాలర్ల జరిమానా పడింది. పాటల అమ్మకాలు మాత్రం పాత స్థాయికి కోలుకోలేదు.

లెక్కలు చెప్పేది, చెప్పనిది

అమెరికాలో రికార్డెడ్ మ్యూజిక్ ఆదాయం 1999లో 1,460 కోట్ల డాలర్లు. 2014, 2015 నాటికి అది 670 కోట్ల దరిదాపులకు పడిపోయింది. ప్రపంచం మొత్తం చూస్తే సుమారు 2,400 కోట్ల నుంచి 1,400 కోట్ల డాలర్లకు దిగింది. టవర్ రికార్డ్స్ లాంటి పెద్ద దుకాణాల గొలుసు 2006లో అమెరికాలో తలుపులు మూసేసింది.

ఈ పతనం మొత్తాన్ని పైరసీ ఖాతాలోనే వేయొచ్చా? ఇక్కడే నిపుణులకు తగాదా. ఒబర్‌హోల్జర్-గీ, స్ట్రంఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2007లో ఒక పేరున్న పత్రికలో అచ్చువేసిన అధ్యయనంలో డౌన్‌లోడ్‌ల ప్రభావం అమ్మకాల మీద దాదాపు కనిపించనంత తక్కువని తేల్చారు. ఫ్రీగా దించుకున్న ప్రతివాడూ డబ్బు పెట్టి కొనేవాడేం కాదు కదా అన్నది వారి వాదన. స్టాన్ లీబోవిట్జ్ వంటివారు దీన్ని గట్టిగా ఖండించారు, పతనానికి ముఖ్య కారణం డౌన్‌లోడింగేనని వాదించారు. ఆ తర్వాత వచ్చిన చాలా అధ్యయనాలు నష్టం జరిగిందనే అన్నాయి, ఎంత అన్నదాంట్లోనే తేడాలు.

వీళ్ల తగాదాలో ఒక సంగతి మరుగున పడింది. ఒక్క పాట నచ్చినా పదిహేను డాలర్లు పెట్టి పన్నెండు పాటల సీడీ కొనాల్సిన పరిస్థితిని కంపెనీలే కల్పించాయి. 2003 ఏప్రిల్‌లో ఆపిల్ కంపెనీ ఐట్యూన్స్ స్టోర్ తెరిచి ఒక్కో పాటను 99 సెంట్లకు పెడితే మొదటి వారంలోనే పది లక్షల పాటలు అమ్ముడయ్యాయి. అంటే డబ్బులిచ్చే జనం ఉన్నారు. కానీ పదిహేను డాలర్లు ఇచ్చేచోట ఒక్క డాలర్ ఇస్తున్నారు. పైరసీ లేకపోయినా ఆ పన్నెండు పాటల కట్ట ఎప్పుడో ఒకప్పుడు విడిపోయేదే.

గాయకుడు డేవిడ్ బోవీ 2002లోనే చెప్పాడు, పాట ఇక నల్లా నీళ్లలా, కరెంటులా అయిపోతుంది, కళాకారులు ఊరూరా తిరిగి కచేరీలు చేసి బతకాల్సిందేనని. పెద్ద పేరున్నవాళ్ల కచేరీ టికెట్ల ధరలు నిజంగానే ఆకాశానికి పోయాయి. పేరు లేనివాళ్లకు ఆ దారి కూడా సన్నదే.

మన దగ్గర ఇది కొత్త కథ కాదు

భారతదేశంలో పాటల పైరసీ ఇంటర్నెట్‌తో పుట్టలేదు, క్యాసెట్‌తో పుట్టింది. గ్రామ్‌ఫోన్ రికార్డు జమానాలో మార్కెట్ దాదాపు హెచ్ఎంవీ ఒక్కదాని చేతిలోనే ఉండేది, ఎందుకంటే రికార్డు తయారు చేయాలంటే ఫ్యాక్టరీ కావాలి. క్యాసెట్ కాపీ చేయాలంటే ఒక టేబుల్, ఒక మెషీన్ చాలు. 1980లలో దొంగ క్యాసెట్లు వెల్లువెత్తాయి. అదే సమయంలో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ ద్వారా చవక క్యాసెట్లను కిరాణా షాపు దాకా చేర్చారు. పాత పాటలను కొత్త గొంతులతో పాడించే వీలు అప్పటి కాపీరైట్ చట్టంలోనే ఉండేది, ఆ దారిలో కవర్ వెర్షన్లు వచ్చాయి. అసలు క్యాసెట్ ధర దొంగ క్యాసెట్ దగ్గరికి దిగడంతో కొనేవాళ్లకు దొంగది వెతుక్కోవాల్సిన అవసరం తగ్గింది.

2000 తర్వాత సీడీలు, వాటి వెంట కోఠి, ఆబిడ్స్, సికింద్రాబాద్ ఫుట్‌పాత్‌ల మీద ఎంపీ3 సీడీలు వచ్చాయి. ఘంటసాల హిట్స్, రఫీ హిట్స్, చిరంజీవి హిట్స్ అన్నీ ఒక్కో డిస్కులో. ఆ తర్వాత వెబ్‌సైట్ల వంతు. వాటిలో అందరికీ తెలిసినది సాంగ్స్ డాట్ పీకే. పేరులో పాకిస్తాన్ గుర్తు ఉన్నా లోపలున్నది ఎక్కువగా హిందీ సినిమా పాటలే. 2012లో ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంస్థ పిటిషన్‌పై కలకత్తా హైకోర్టు ఇలాంటి 104 సైట్లను ఆపేయాలని ఇంటర్నెట్ కంపెనీలను ఆదేశించింది. పేరులో ఒక అక్షరం మార్చుకుని చాలా సైట్లు మళ్లీ తెరుచుకున్నాయి.

మొదట దెబ్బ తిన్నది దుకాణాలు. మ్యూజిక్ వరల్డ్ 2013లో కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లోని తన ప్రధాన షాపును మూసింది. ముంబైలో తరతరాలుగా నడిచిన రిథమ్ హౌస్ 2016 ఫిబ్రవరిలో మూతపడింది. మన గల్లీల్లో క్యాసెట్ షాపులు మొబైల్ రీఛార్జ్ షాపులయ్యాయి, కొన్ని చోట్ల ఆ షాపే మెమరీ కార్డులో పాటలు ఎక్కించే షాపైంది. బతుకుదెరువు కోసం తమ వ్యాపారాన్ని ముంచినదాన్నే అమ్ముకున్నారన్నమాట.

తర్వాత దెబ్బ ఆడియో కంపెనీలకు. సీడీలు అమ్ముడవుతాయన్న లెక్కతో సినిమా పాటల హక్కులు కొన్నవారి లెక్క తప్పింది. ఆ సమయంలో వాళ్లను కాపాడింది కాలర్ ట్యూన్. పాటలో ముప్ఫై సెకన్ల ముక్కకు నెలనెలా ఫోన్ బ్యాలెన్స్ నుంచి డబ్బు కట్ అయ్యేది. పూర్తి పాటకు పైసా ఇవ్వని మనిషి, తాను కూడా వినని ఆ ముక్కకు డబ్బు కట్టేవాడు. విచిత్రమే మరి! అందులో పెద్ద వాటా టెలికాం కంపెనీలదే. అడగకుండానే కాలర్ ట్యూన్లు అంటగడుతున్నారని ఫిర్యాదులు ముదరడంతో 2013లో ట్రాయ్ రెండుసార్లు అనుమతి తీసుకోవాలని నిబంధన పెట్టింది. ఆ ఆదాయమూ పడిపోయింది.

అందరికన్నా ఎక్కువ నష్టపోయింది మాత్రం సినిమా అండ లేని సంగీతం. సినిమా పాటకు సీడీ అమ్ముడుపోకపోయినా సినిమా ఉంటుంది, టికెట్ ఉంటుంది, టీవీ ఉంటుంది. పాట ఫ్రీగా తిరిగితే సినిమాకు పబ్లిసిటీ అని సరిపెట్టుకున్న నిర్మాతలూ ఉన్నారు. గజల్, ఖవ్వాలీ, నాత్, జానపదం, బుర్రకథ, ప్రైవేటు భక్తి పాటలకు క్యాసెట్టే సినిమా, క్యాసెట్టే టికెట్. చిన్న చిన్న కంపెనీలు కొన్ని వేల క్యాసెట్లు అమ్ముకుని కళాకారుడికి ఎంతో కొంత ఇచ్చేవి. క్యాసెట్ పోయాక ఆ కంపెనీలు చప్పుడు లేకుండా పోయాయి. వీటి గురించి ఏ సంఘమూ కోర్టుకు పోలేదు, ఏ పత్రికా మొదటి పేజీలో రాయలేదు.

అసలు పాట ఎవరిది?

పైరసీ వల్ల కళాకారుల పొట్ట కొట్టినట్టే అని కంపెనీలు ప్రకటనలు ఇచ్చేవి. మన దేశంలో ఈ మాట సగమే నిజం. ఎందుకంటే క్యాసెట్లు లక్షల్లో అమ్ముడైన రోజుల్లో కూడా సినిమా పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి సాధారణంగా దక్కింది ఒక్కసారి ఇచ్చే పారితోషికమే. 1977లో సుప్రీంకోర్టు ఒక కేసులో, డబ్బిచ్చి రాయించుకున్న పాట మీద తొలి హక్కు నిర్మాతదేనని, వేరే ఒప్పందం ఉంటే తప్ప రచయితకు, స్వరకర్తకు వాటా ఉండదని తేల్చింది. అదే తీర్పుకు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ విడిగా కొన్ని మాటలు జోడించి, పాడే గొంతుకు మన చట్టంలో హక్కే లేకపోవడం మీద ఆవేదన తెలిపారు.

ఆ పరిస్థితి మారడానికి 35 ఏళ్లు పట్టింది. ఉర్దూ కవి, సినీ గేయ రచయిత జావేద్ అఖ్తర్ రాజ్యసభ సభ్యుడిగా ఉన్నప్పుడు ఈ విషయాన్ని భుజానికెత్తుకున్నారు. (ఆయన భార్య షబానా అజ్మీ పుట్టింది మన హైదరాబాద్‌లోనే.) 2012 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన కాపీరైట్ సవరణ చట్టం ప్రకారం, సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం మినహా మిగతా ఏ రూపంలో పాట వాడినా రచయితకు, స్వరకర్తకు సమాన వాటా రాయల్టీ రావాలి. ఆ హక్కును వారసులకో, రాయల్టీ వసూలు చేసే సంఘానికో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. బలవంతంగా రాయించుకున్నా చెల్లదు. నిర్మాతలు, కంపెనీలు దీన్ని గట్టిగానే వ్యతిరేకించారు. పైరసీ కళాకారుల పొట్ట కొడుతోందన్నది కూడా ఆ పరిశ్రమే!

ఈ హక్కుల సంగతి తెలుగువాళ్లకు బాగా తెలిసొచ్చింది 2017 మార్చిలో. ఇళయరాజా తరఫు లాయర్లు ఆయన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంకు నోటీసు పంపారు. అమెరికా పర్యటనలో ఉన్న బాలు ఆ సంగతి ఫేస్‌బుక్‌లో చెప్పి, ఆ పాటలు లేకుండానే కార్యక్రమాలు కొనసాగిస్తామన్నారు. అభిమానులు రెండు వర్గాలుగా విడిపోయారు. ఎవరు మంచి, ఎవరు చెడు అన్న గొడవలో, కచేరీలో పాడటానికి స్వరకర్తకు రాయల్టీ కట్టాలన్న మాటనే చాలామంది మొదటిసారి విన్నారు.

డబ్బు తిరిగొచ్చింది, ఎవరి జేబుకు?

పైరసీని చివరికి వెనక్కి నెట్టింది పోలీసులు కాదు, కోర్టులూ కాదు. స్వీడన్‌లో 2008 అక్టోబర్‌లో స్పాటిఫై మొదలైంది. పైరేట్ బే సైటు కూడా పుట్టింది అదే దేశంలో, 2003లో. పైరసీ ఎక్కువగా ఉన్న చోటే దానికి విరుగుడు పుట్టడం కాకతాళీయం కాదు. వినడం దించుకోవడం కన్నా తేలికైతే జనం దించుకోరన్నది దాని వెనుక లెక్క. మన దగ్గర సావన్, గానా అంతకుముందే ఉన్నా, 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక అసలు మార్పు మొదలైంది. మెమరీ కార్డు షాపుకు పోవాల్సిన పనే లేకుండా పోయింది. తెలుగు సినిమా పాట సీడీ రిలీజ్‌ను వదిలేసి యూట్యూబ్‌లో ఒక్కో లిరికల్ వీడియోగా రావడం మొదలైంది. 'అల వైకుంఠపురములో' 2020 జనవరిలో విడుదలైతే, 'సామజవరగమన' అంతకు మూడు నెలలు ముందే, 2019 సెప్టెంబర్‌లో జనం నోళ్లలో పడింది.

ప్రపంచవ్యాప్తంగా 2021లో రికార్డెడ్ మ్యూజిక్ ఆదాయం 1999 స్థాయిని దాటింది. 2024లో దాదాపు 2,960 కోట్ల డాలర్లకు చేరింది. అయితే పాతికేళ్లలో పెరిగిన ధరలను లెక్కలోకి తీసుకుంటే 1999 నాటి రోజులు ఇంకా రాలేదనే చెప్పాలి.

ఈ డబ్బు పంచే పద్ధతి కూడా తెలుసుకోవాలి. స్ట్రీమింగ్ యాప్ తన రాబడిలో సుమారు మూడింట రెండు వంతులు హక్కుదారులకు ఇస్తుంది. కానీ మీరు కట్టిన డబ్బు మీరు విన్న కళాకారుడికే నేరుగా పోదు. అందరి డబ్బూ ఒక కుప్పగా వేసి, మొత్తం మీద ఏ పాట ఎన్నిసార్లు మోగిందో చూసి వాటాలు వేస్తారు. నెలంతా గజల్స్ మాత్రమే విన్న మనిషి చందాలో ఎక్కువ భాగం ఆ నెల హిట్టయిన సినిమా పాటలకే పోతుంది. పైరసీ కాలంలో దెబ్బతిన్న చిన్న సంగీతానికి ఇక్కడా మిగిలేది చిల్లరే.

చందా కట్టే అలవాటు కూడా మన దగ్గర గట్టిపడలేదు. గానా 2022లో ఉచిత సేవ ఆపి చందాదారులకే పరిమితమైంది. ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను 2024లో మూసేసింది. అక్రమ డౌన్‌లోడింగ్ కూడా పూర్తిగా పోలేదు, వేషం మార్చింది. యూట్యూబ్ వీడియో నుంచి పాటను మాత్రం పిండి ఎంపీ3గా ఇచ్చే సైట్లు వచ్చాయి. వాటిలో పెద్దదైన ఒకటి 2017లో కంపెనీల కేసుతో మూతపడింది, మిగతావి నడుస్తూనే ఉన్నాయి.

చట్టం మాటకొస్తే, తెలిసి కాపీరైట్‌ను ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉంటుంది. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన, నాన్ బెయిలబుల్ నేరమని 2022 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అమెరికాలోలా మామూలు శ్రోతల మీద మన దగ్గర వేల కేసులు వేయలేదు, గురి ఎప్పుడూ అమ్మేవాళ్ల మీద, సైట్ల మీదే.

ఇక మిగిలింది పాత క్యాసెట్ల సంగతి. హైదరాబాద్ ఖవ్వాలీకి పేరు తెచ్చిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ తరం నుంచి, ఉర్సుల్లో, ముషాయిరాల్లో, పల్లె జాతరల్లో రికార్డయిన ఎంతో సంగీతం ఇళ్లలో టేపుల రూపంలో బూజు పడుతోంది. రికార్డింగ్ మీద కాపీరైట్ విడుదలైన 60 ఏళ్లకు తీరిపోతుంది, కానీ సాహిత్యం, బాణీల మీద హక్కు ఆ రచయిత, స్వరకర్త చనిపోయిన తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. కంపెనీ మూతపడి, హక్కు ఎవరి దగ్గరుందో తెలియని క్యాసెట్లు ఏ యాప్‌లోనూ దొరకవు. ఎవరో ఒక అభిమాని అనుమతి లేకుండా యూట్యూబ్‌లో పెట్టిన కాపీయే వాటికి దిక్కు. రచయిత ఎవరో తెలియనప్పుడు, ఆచూకీ దొరకనప్పుడు ఆ రచనను ప్రచురించడానికి లైసెన్స్ కోరే వీలు చట్టంలోని సెక్షన్ 31ఏ కింద ఉంది. అందుకు దరఖాస్తు చేయాలి, పేపర్లో ప్రకటన ఇవ్వాలి, నిర్ణయించిన రాయల్టీ కట్టాలి. ఒక పాత ఖవ్వాలీ క్యాసెట్ కోసం అంత ఖర్చు, అంత తిరుగుడు పెట్టుకునేవాళ్లు అరుదు. ఆ టేపులకు మాత్రం అంత టైమ్ లేదు.